అర్దళం కడిగిన పొద్దు

భాగోతం తెల్లారి ముగియగానే చంద్రయ్య చేసే మొదటి పని ముఖం కడుక్కోవడం. బావిగట్టు మీద కూర్చుని, నూనె రుద్ది, పచ్చటి అర్దళం రంగు వదలగొట్టేవాడు. రంగు వదిలేసరికి ఒక్కడు ఇద్దరయ్యేవాడు. ఒకడు చంద్రయ్య, నోట్లో నాలుక లేని మనిషి. రెండోవాడు ముఖాన రంగుతో, కడుపుకు గుడ్డల మూటతో లొట్టిగాడు, ఊళ్లకు ఊళ్లను నవ్వించే హాస్యగాడు. ఇద్దరూ సూర్యాపేట బాటన ముందొకరు వెనకొకరు ఇంటికొచ్చేవారు. భార్య ఉప్పలమ్మ రెండు తలెల్లో అన్నం పెట్టేది. "వాడు నీకన్న ఎక్కువ తింటడు" అని సణిగేది, అంతే. మళ్లీ వేషం కట్టేనాడు ఇద్దరూ ఒక్కటయ్యేవారు.

పోలీసు యాక్షన్‌కు ఏడాది ముందు మిర్యాలగూడ దగ్గర ఒక దొర గడి ముందర ఆడారు. రాజు వేషగాడు రాజ్యం ఎట్లుందని అడిగితే లొట్టిగాడు చేతులు కట్టుకుని, "మంచిగుంది రాజా. కాకి ఇంటికి సుట్టమొచ్చినా ముందుగాల గడికి ఓ ఈక పంపాలె" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. మంచం మీదున్న దొర కూడా నవ్వాడు. తర్వాత చుట్టూ చూసి, మానేశాడు.

వేషం మీదున్నవాణ్ణి కొట్టకూడదు, సొంత పేరుతో పిలవకూడదు. ఆ కట్టుబాటు దొరలు కూడా దాటరు. కడిగిన ముఖం మాత్రం దొరికిన ముఖమే. అందుకే దొర మనిషి మంగ్త్యా, ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని, బావి దాకా పోనియ్యకుండా చంద్రయ్యను ఇంటికి తోలుకొచ్చి, వాకిట్లో కాగు నిండా నీళ్లు పెట్టించి, ముఖం కడగ్గానే గడికి పట్టుకుపోవాలని కర్రతో కూర్చున్నాడు. గడిలోకి అట్లా పోయినవాళ్లు తిరిగొచ్చింది ఎవరూ చూడలేదు.

మూడు రోజులు చంద్రయ్య ముఖం కడగలేదు. రంగు పగిలి చర్మం కోసుకుపోయింది, కళ్లు వాచాయి.

"ఎన్నొద్దులు దాస్తవ్ లొట్టిగా? నీళ్లు గీడనే ఉన్నయ్" అన్నాడు మంగ్త్యా బయటినుంచి.

"ఆ మాట అన్నది వాడు గద, నువ్వు గాదు" అంది ఉప్పలమ్మ లోపల, గొంతు తగ్గించి.

"నోరు నాదే గదనే."

"వాడేమంటున్నడు?"

"ఏమంటలేడు. వాడు గిట్ల ఊకున్నది ఎన్నడు లేదు."

నాలుగో పొద్దున చంద్రయ్య బయటికొచ్చి, కాగు దగ్గర కూర్చుని, నూనె రుద్ది, కడిగాడు. ఇద్దరయ్యారు. కడిగిన ముఖం వాడు ముందు లేచాడు. మంగ్త్యా వాడి రెక్క పట్టాడు.

"జర మెల్లగ పట్టు అన్నా, లొట్టి పగిలితే కల్లు నీ మీదనే పడతది" అన్నాడు వాడు.

ఆ మాట గడపలో ఉన్న ఉప్పలమ్మ చెవిన పడింది. పెండ్లయి పన్నెండేండ్లు, చంద్రయ్య నోట ఒక్క పరాచికం విన్నది లేదు. తిరిగి చూస్తే, రంగు ముఖం వాడు అరుగు మీద కూలబడి ఏడుస్తున్నాడు. నేను, నేను అని నోరు తెరవబోయాడు.

"ఊకో" అన్నాడు కడిగిన ముఖం వాడు, అతని కడుపు మీది గుడ్డల మూట లాగి చంకన పెట్టుకుంటూ. "గడికి పోయినంక నవ్వించాలె. నీకు రాదు."

సందు మలుపు తిరిగేదాకా మంగ్త్యా నవ్వు వినిపించింది.

వాడు మళ్లీ రాలేదు. ఏడాదికి గడి తలుపులు తెరిస్తే ఒక అర్రలో గుడ్డల మూట దొరికింది.

చంద్రయ్య ముఖాన రంగు మాత్రం పోలేదు. నూనె పోయలేదా, ఇటుక పొడి రుద్దలేదా, అన్నీ అయ్యాయి. అతన్ని ఎవరూ కొట్టలేదు. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు కూడా. చూడగానే నవ్వి, ఏదో ఒకటి చెప్పమనేవారు. అతనికి ఏమీ వచ్చేది కాదు.

ఒకనాడు పగటిపూట ఉప్పలమ్మ అలవాటుగా రెండు తలెలు పెట్టింది. మొగని పేరు పుట్టి బుద్ధెరిగి నోట పలకని మనిషి, ఎదురుగా కూర్చుని అతని ముఖంలోకి చూసింది.

"సెంద్రయ్యా" అంది. "అన్నం తిను."

చంద్రయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. అతని చెంప మీంచి గోరంత పచ్చ పెచ్చు ఊడి అన్నంలో పడింది. ఉప్పలమ్మ దాన్ని తీసి, పారెయ్యకుండా, రెండో తలెలో పెట్టింది.