వరండాలో గింజలు

నవంబరు రెండో శనివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, హాన్‌కాక్‌లోని నీమీ వాళ్ల వంటింట్లో కాఫీ గ్రైండర్ కీచుమని ఆగిపోయింది. అప్పటికి ఆ ఇంటి కోడలు మార్లిస్ అక్కడ లేదు. వంద మైళ్ల అవతల తన అక్క కేరల్ ఇంట్లో, దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. పద్నాలుగు నెలల్లో శనివారం ఏడింటికి ఆమె పడుకుని ఉండటం అదే మొదటిసారి.

పద్నాలుగు నెలల కింద ఆమె భర్త వేన్‌కు గుండె లయ తప్పింది. కెఫీన్ మానెయ్యమన్నాడు డాక్టరు. వేన్‌కు రోజుకు ఆరు కప్పులు పడాలి, అతని తల్లి లెంపికి నాలుగు. కొట్లో దొరికే కెఫీన్ తీసేసిన కాఫీని వేన్ ఒక గుక్క తాగి సింకులో పారబోశాడు. "గిన్నెలు కడిగిన నీళ్లు నయం" అన్నాడు. "మా అత్తగారి రోజుల నుంచీ ఈ ఇంట్లో కాఫీకి లోటు రాలేదమ్మాయ్" అంది లెంపి. ఆ మాట కొడుకును చూసి అనలేదు. కెఫీన్ తీసేసిన పచ్చి గింజలు తెప్పించి ఇంట్లో వేయించుకుంటే రుచి నిలుస్తుందని తను పనిచేసే పోస్టాఫీసులో పక్క కౌంటర్ మనిషి చెబితే మార్లిస్ తెప్పించింది.

వారమంతా పోస్టాఫీసు. శనివారం గింజలు. ఇంట్లో పొగ అంటుకుంటుందని లెంపి ఒప్పుకోదు కాబట్టి, వెనక వరండాలో, కోటు మీద కోటు వేసుకుని, పాత పాప్‌కార్న్ మిషన్‌లో విడతకు మూడు గుప్పెళ్ల చొప్పున తొమ్మిది విడతలు. మామూలు గింజలైతే రంగు చూసి తీసేయొచ్చు. ఇవి పచ్చిగా ఉన్నప్పుడే గోధుమరంగులో ఉంటాయి, వేగాయో లేదో కంటికి తెలియదు. చిటపటమనడం కూడా సన్నగా ఉంటుంది. మిషన్ మోతలో ఆ చప్పుడు పట్టుకోవాలంటే వంగి చెవి దగ్గర పెట్టాలి. తడి గడ్డి వాసన పోయి రొట్టె కాలుతున్న వాసన రావాలి. పావు నిమిషం ఆలస్యమైతే బొగ్గు. మొదటి నెల ఆమె సగం బొగ్గే చేసింది. ఆ బొగ్గును ఎవరూ చూడకుండా పెరట్లో పారేసి, దాని మీద రాలిన ఆకులు కప్పింది. ఎందుకు దాచానని తర్వాత తనను తాను అడిగింది. ఆమె ఎడమ చెవి దగ్గర చెంప మీద మిషన్ తగిలి కాలిన మచ్చ ఉంది. అదేమిటని ఇంట్లో ఎవరూ అడగలేదు.

కిందటి ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి కింద హాల్లో అందరూ కాఫీ తాగుతుండగా వేన్ నవ్వుతూ అన్నాడు. "మా ఆవిడకు కొత్త పిచ్చి పట్టుకుంది. శనివారం పూట గింజలతో ఆడుకుంటుంది. చేతిలో అంత తీరిక ఉంటే నేనూ ఆడుకుందును." పక్కవాళ్లు నవ్వారు. మార్లిస్ ఖాళీ కప్పులు ఏరుకుంటూ ఉంది.

బుధవారం చెప్పింది, అక్క దగ్గరకు వెళ్తానని. శుక్రవారం వెళ్లి బుధవారం వస్తానంది.

"ఐదు రోజులా? మరి కాఫీ?"

"డబ్బా ఖాళీ. గింజలు వరండాలో సంచిలో ఉన్నాయి. వేయించుకోవాలి."

"అదేం పెద్ద పని," అన్నాడు వేన్, టీవీలో హాకీ ఆట మీంచి కళ్లు తిప్పకుండా.

శనివారం ఏడుంబావుకు కేరల్ ఇంట్లో మార్లిస్ ఫోన్ మోగింది.

"నీ గింజలేంటి, రాళ్లలా ఉన్నాయి? గ్రైండర్ పోయింది."

"ఏ గింజలు?"

"సంచిలోవే. వేయించినవి."

"వేయించలేదు. అవి పచ్చివి."

"గోధుమరంగులో ఉన్నాయిగా."

"అవి పచ్చివైనా అలాగే ఉంటాయి, వేన్."

వంటింటి నుంచి వరండాకు నాలుగడుగులు. అరవై శనివారాల్లో అతను ఒక్కసారీ అటు రాలేదు. మార్లిస్ మనసులో లెక్క వేసి మానేసింది.

"నాకెవరు చెప్పారు?" అన్నాడు అతను. తర్వాత గొంతు తగ్గించి, "మరి వేగినట్టు ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

"చెవి పెట్టి వినాలి."

లెంపి ఫోన్ లాక్కున్నట్టుంది. "అమ్మాయ్, వీడికి ఇవన్నీ ఏం చేతనవుతాయి. రేపు వచ్చేయకూడదూ? తలనొప్పి పట్టుకుంది నాకు."

ఎప్పుడూ ఆ మాటకు మార్లిస్ దగ్గర ఒకటే జవాబు ఉండేది, "సరే అత్తయ్యా" అని. అది నోటిదాకా వచ్చింది కూడా. కేరల్ గుమ్మంలో నిలబడి చెల్లెలి చెంప మీది మచ్చ వైపు చూస్తోంది. "ఇదెక్కడ కాలిందే?" అంది మెల్లగా.

మార్లిస్ చెంప తడుముకుంది.

"బుధవారం రావడం లేదు అత్తయ్యా," అంది ఫోన్‌లో. "ఆదివారం వస్తాను. రేపటిది కాదు, పై ఆదివారం. గ్రైండర్ లేకపోతే చిన్న రోలుంది, అటక మీద."

"నీకు మతి పోయిందా?"

మార్లిస్ దుప్పటి భుజాల దాకా లాక్కుంది. అవతల తలుపు తెరుచుకున్న చప్పుడు, గాలి చప్పుడు, "ప్లగ్గు ఎక్కడమ్మా?" అని వేన్ గొంతు వినిపించాయి. ఏడు గంటల ఇరవై నిమిషాలకు మిషన్ మోత మొదలైంది. గింజలు చిటపటమనక ముందే ఆమె ఫోన్ పెట్టేసింది.

కేరల్ కాఫీ పోసి తెచ్చింది. మార్లిస్ లేవకుండానే అందుకుంది.