ఎనిమిదో ముక్క

సోమేశ్వరరావు చేతులు అతన్ని అడిగి చింపలేదు ఆ ఉత్తరాన్ని. నిలబడి చదివాడు. చదవడం అయిందో లేదో అడ్డంగా రెండు ముక్కలు చేశాడు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. రాతబల్ల కింద చెత్తబుట్టలో పడేశాక గానీ తానేం చేశాడో తెలియలేదు. చావు కబురు తెచ్చిన ఉత్తరం ఇంట్లో ఉంచకూడదని, చదవగానే చింపి పారేయాలని చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పేది. బహ్రెయిన్ వచ్చి, అవాలిలో చమురు కంపెనీ ఇచ్చిన ఇంట్లో చల్లగా ఏసీ కింద కూర్చునే ఇంజనీరు ఇలాంటివి నమ్ముతాడా అంటే నమ్మడు. ఆ సంగతి చేతులకి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

ఉత్తరం అతనిది కూడా కాదు, ఇంట్లో పనిచేసే నాగేశ్వరిది. రాజోలు దగ్గర పల్లె ఆమెది. మొగుడు పోయాక, కూతురు చిట్టిని తల్లి సుబ్బాయమ్మ దగ్గర వదిలిపెట్టి వచ్చి రెండేళ్లయింది. అప్పటికి చిట్టికి ఆరేళ్లు. నాగేశ్వరికి అక్షరం రాదు. కంపెనీ పోస్టుబాక్సుకి వచ్చే ఆమె ఉత్తరాలు సోమేశ్వరరావే చదివి వినిపించేవాడు. విన్నాక ఆమె వాటిని కళ్లకద్దుకుని ఖాళీ బిస్కెట్ల డబ్బాలో దాచుకునేది. ఆ గురువారం మధ్యాహ్నం కూడా గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "నాగేశ్వరీ, నీకు ఉత్తరం. టీ పట్రా, చదువుతా" అన్నాడు. టీ మరిగేలోగా ఒకసారి చూద్దామని విప్పాడు.

వాళ్ల ఊళ్లో పక్కింటి భీమరాజు రాశాడు. అమ్మమ్మకీ మనవరాలికీ ఒకేసారి జ్వరం తగిలిందట. ముసలామె దక్కలేదు. పిల్లని తమ ఇంట్లో ఉంచుకున్నారట. వెంటనే బయలుదేరి రమ్మని రాశాడు.

సోమేశ్వరరావు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పుకోవడం సులువయ్యేది. అతని భార్య ఏడో నెలలో కాకినాడ వెళ్లింది, మంచం దిగకూడదన్నారు డాక్టర్లు. ఇక్కడ పదేళ్ల కూతురు విజయరాణి. పొద్దున్న ఆరింటికి డ్యూటీకి పోతే మూడింటికి గానీ రాడు. నాగేశ్వరి కూడా వెళ్లిపోతే పిల్లని ఎవరు చూస్తారు? ఉత్తరం చేరేసరికే పదిహేను రోజులైంది, దినం కూడా అయిపోయి ఉంటుంది, ఇప్పుడెళ్లి చేసేదేముంది? గుక్క తిప్పుకోకుండా ఇంత ఆలోచించాడు. అప్పుడు నాగేశ్వరి టీ తెచ్చింది.

"ఏం రాశారండి?"

"అందరూ కులాసానే. చిట్టి బడికి పోతోందట."

"మా అమ్మండి?"

"బాగుంది."

ఆమె చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి, డబ్బాలో పెట్టుకుంటాను."

"విప్పేటప్పుడు చిరిగిపోయింది, నాగేశ్వరీ. పారేశాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తర్వాత బల్ల కిందకి చూసింది. "పోన్లెండి" అని టీ బల్లమీద పెట్టి వెళ్లింది. ఆ ఇంట్లో రోజూ చెత్తబుట్టలు ఖాళీ చేసేది ఎవరో సోమేశ్వరరావుకి తట్టలేదు.

మర్నాటి నుంచే, జూన్ నెల మొదలవుతూనే, ఆ ఏడాది వేసవి ఆటలు మొదలయ్యాయి. అవాలిలో అమెరికా వాళ్లూ ఇంగ్లండు వాళ్లూ ఉండే వీధుల వెనక ఒక ఇసుక మైదానం ఉంది. శుక్రవారం తెల్లవారగానే, ఎండ నెత్తికెక్కకముందే, పిల్లలు అక్కడ బేస్‌బాల్ ఆడేవారు. ఒకరు బంతి విసరాలి, ఒకరు కర్రతో కొట్టి నాలుగు మూలలూ చుట్టి రావాలి. ఆ జట్టులో నల్లజడల పిల్ల రాణి ఒక్కతే. మంచినీళ్ల డబ్బా మోయడం, సున్నంతో గీతలు గీయడం సోమేశ్వరరావు పని. నాగేశ్వరి నిమ్మరసం సీసాలు పట్టుకుని ఖర్జూరపు మట్టల పందిరి కింద కూర్చునేది.

"ఇంత పరుగూ బయల్దేరిన చోటికి రావడానికేనా, పాపా?" అని అడిగింది మొదటిరోజు.

"వస్తేనే లెక్క, ఆంటీ. మధ్యలో చిక్కుబడితే ఎంత పరిగెత్తినా ఉత్తిదే."

"ఆయ్" అంది నాగేశ్వరి.

ఆ సాయంత్రమే రాణి దగ్గర కూర్చుని, తనకి చదువు చెప్పమంది. సెలవుల్లో కూతురు తెలుగు మరిచిపోకుండా సోమేశ్వరరావు రోజూ వాచకం చదివించేవాడు. రాణికి అది ఎండకన్నా ఎక్కువ బాధ. ఇప్పుడు తానే పంతులమ్మ అయ్యేసరికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

"అ ఆ ల నుంచి మొదలుపెడదాం."

"అవి తర్వాత నేర్చుకుంటాలెండి. ముందు చిట్టి అని రాసి చూపించండి. సుబ్బాయమ్మ అని కూడా."

"సుబ్బాయమ్మలో బోల్డు వత్తులున్నాయి. నీకు రావు."

"వస్తాయండి. చూపించండి."

పక్కగదిలో పుస్తకం చదువుకుంటున్న సోమేశ్వరరావు ఆ మాటలు విని పేజీ తిప్పడం మానేశాడు.

ఈ శుక్రవారం ఆట అవగానే చెప్పేద్దాం అనుకున్నాడు. ఆ శుక్రవారం రాణి జట్టు గెలిచింది. గెలిచి వచ్చిన ఇంట్లో ఆ మాట ఎలా తెస్తాం? పై శుక్రవారం ఓడింది. ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెడుతున్న మనిషితో ఎలా చెప్తాం? భార్యని పురుడు పోసుకోనీ అనుకున్నాడు. ఆగస్టు మొదటివారంలో మగపిల్లాడు పుట్టాడని ఫోను వచ్చింది. నాగేశ్వరి స్టవ్ మీద పరమాన్నం పెట్టి, మొదటి గిన్నె రాణికిచ్చి, "తమ్ముడండి" అని ముద్దుపెట్టుకుంది. పురిటిరోజుల్లో చావు మాట ఏమిటని మళ్లీ నోరు నొక్కుకున్నాడు.

చేతులు ఊరికే ఉంటే ఆలోచనలు వస్తాయని ఇంటిపనులు పెట్టుకున్నాడు. పిల్లాడికని వెనక గదికి రంగు వేశాడు. సల్మాబాద్ కర్రల దుకాణాల నుంచి ప్లైవుడ్ తెప్పించి పుస్తకాల అర మొదలుపెట్టాడు. కోసిన చెక్కముక్క ఒకటి కనపడకుండా పోయింది. కర్రలు అతికించే జిగురు సీసా సగానికి తగ్గింది. రాణి మీద కేకలేశాడు.

"నేను ముట్టుకోలేదు నాన్నా. ఒట్టు."

నాగేశ్వరి గిన్నెలు తోముతూ తలెత్తలేదు.

అర గోడకి బిగించడానికి రాతబల్ల జరిపినప్పుడు, గోడ వారన దుమ్ములో ఒక కాగితం ముక్క కనిపించింది. ఆ రోజు చింపినవాటిలో ఒకటి, బుట్టలో పడకుండా జారిపోయింది. భీమరాజు రాత. మూడే మూడు వరసలు. మళ్లీ చింపబోయాడు గానీ, ఈసారి చేతులు రాలేదు. చదువుతున్న పుస్తకంలో పెట్టి మూసేశాడు. ఆ రోజు నుంచి పుస్తకం ఎప్పుడు తెరిచినా అక్కడే తెరుచుకునేది. వేసవంతా ఆ పేజీ దాటలేదు.

నాగేశ్వరి మాత్రం దాటుకుంటూ పోయింది. గుణింతాలు అయ్యాయి, వత్తులు మొదలయ్యాయి. ఉప్మారవ్వ పొట్లం కట్టిన తెలుగు పేపరు ముక్కని చపాతీలు వత్తుతూ కూడబలుక్కునేది. అంతకుముందు వారానికోసారి ఉత్తరం వచ్చిందాండి అని అడిగేది, ఈ వేసవిలో ఒక్కసారీ అడగలేదు. జవాబు రాయించుకోలేదు. "నేనే రాసుకుంటాలెండి, నేర్చుకున్నాక" అంది. పట్నంలో నయీమ్ పేటలో వాళ్ల వైపు ఆడవాళ్లున్నారు. నెలకోసారి బస్సెక్కి వెళ్లి, కడుపునిండా మాట్లాడుకుని వచ్చేది. అదీ మానేసింది. ఇవన్నీ సోమేశ్వరరావు చూశాడు. చూసి, హమ్మయ్య అనుకున్నాడు.

ఆగస్టు ఆఖరి శుక్రవారం ఆఖరి ఆట. రాణి మూడో మూల దాకా పరిగెత్తింది. వెనక వచ్చినవాళ్లు ఒక్కరూ బంతి కొట్టలేకపోవడంతో అక్కడే నిలబడిపోయింది, ఆట అయిపోయింది. ఆ రోజు నాగేశ్వరి మైదానానికి రాలేదు, తలనొప్పి అంది. కారులో రాణి టోపీ ముఖం మీదకి లాక్కుని కూర్చుంది. ఇంటికి వెళ్లగానే చెప్పేస్తాను, ఇంక సాకులు లేవు అనుకున్నాడు సోమేశ్వరరావు.

ఇంటికి వచ్చేసరికి నాగేశ్వరి భోజనాల బల్ల దగ్గర నిలబడి ఉంది. ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ కూర్చోని కుర్చీ పక్కకి జరిపి ఉంది. బల్లమీద పోయిన చెక్కముక్క. దాని మీద జిగురుతో వరసగా అతికించిన నీలం కాగితం ముక్కలు, ఏడు.

"ఎనిమిదోది దొరకలేదండి. ఆ రోజు బుట్టంతా వెతికాను."

రాణి టోపీ తీసి బల్ల దగ్గరికి వచ్చింది. నాగేశ్వరి చూపుడువేలు అక్షరాల కింద పెట్టి చదవడం మొదలుపెట్టింది, రాణి నేర్పినట్టే, ఒక్కో అక్షరం దగ్గరా ఆగి.

"నాగేశ్వరికి భీమరాజు రాయునది. సుబ్బాయమ్మకీ చిట్టికీ ఒకేసారి జ్వరం తగిలింది. ఆస్పత్రికి తీసుకుపోయాము. ఇద్దరిలో ఒకరినే వెనక్కి తెచ్చుకున్నాము." వేలు ఖాళీ చెక్క మీదకి వచ్చి ఆగింది. దాటి అవతలికి వెళ్లింది. "నువ్వేనని లేచి కూర్చుంటోంది. వెంటనే బయలుదేరు."

"అంటే నీకు... అప్పుడే..."

"చింపిన ఉత్తరం ఏం ఉత్తరమో చదువు రానోళ్లకి కూడా తెలుస్తుందండి, అయ్యగారూ." ఆమె గొంతు పెంచలేదు. "రెండు పేర్లూ నేర్చుకుని చూశాను. రెండూ ఉన్నాయి. పోయిందెవరో తెలియలేదు. మొత్తం చదవడం వస్తే తెలుస్తుందనుకున్నాను. నిన్నటికి వచ్చింది. అయినా తెలియలేదు."

"నన్ను అడగకపోయావా? పోనీ నయీమ్‌లో ఎవరిచేతైనా..."

"మిమ్మల్ని అడిగితే బాగున్నారన్నారు గదండి." చెక్కని తన వైపుకి జరుపుకుంది. "అడగడానికి నాకూ నోరు రాలేదు లెండి. తెలియనన్నాళ్లూ ఇద్దరూ ఉన్నారు నాకు."

సోమేశ్వరరావు అర దగ్గరికి వెళ్లి పుస్తకం తీశాడు. వెతకనక్కర్లేకుండానే తెరుచుకుంది. ముక్క చేతిలోకి తీసుకుని, "నాగేశ్వరీ, మీ..." అన్నాడు.

"మీరు చెప్పకండి. నేను చదువుకుంటాను."

ముక్క తీసుకుని ఖాళీలో పెట్టింది. అంచులు సరిగ్గా కూర్చున్నాయి. వేలు పెట్టింది. రాణి ఆ చేతిని పట్టుకుంది.

"మీ. అమ్మ. పోయింది." ఆగింది. "పిల్ల. మా ఇంట్లో. తలుపు చప్పుడైతే..." పక్క ముక్కలోకి వెళ్లింది వేలు. "నువ్వేనని లేచి కూర్చుంటోంది."

మొదట ఆమె ముఖంలోకి వచ్చింది సంతోషమే. చిట్టి ఉంది. ఆ సంతోషం తన తల్లి చావు మీద వచ్చిందని తెలిసిన మరుక్షణం రెండు చేతులతో నోరు మూసుకుని, ఆ కుర్చీలో కూలబడింది. ఏడుపు బయటికి రాలేదు. భుజాలు మాత్రం చాలాసేపు కదిలాయి.

"మూడు నెలలు" అంది కాసేపటికి. "తలుపు చప్పుడైనప్పుడల్లా."

సోమేశ్వరరావు రాతబల్ల సొరుగులోంచి ఆమె పాస్‌పోర్టు తెచ్చి ముందు పెట్టాడు. రేపే పంపిస్తానన్నాడు. ఆమె తల ఊపింది. రాణి తండ్రి వైపు తిరిగింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని ఆ తర్వాత చాలా ఏళ్లు అనుకున్నాడు.

"తలస్నానం చేయాలండి" అంటూ నాగేశ్వరి లేచింది. "మధ్యాహ్నం అన్నం మీరే వండుకోండి."

రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. చావు ఉత్తరం ఇంట్లో ఉంచకూడదు గదా. గోటితో ఒక మూల పట్టి లాగింది. జిగురు గట్టిది, కాగితం లేవలేదు. ఇంకో మూల లాగింది. గోటి కింద నీలం పొట్టు కాస్త వచ్చిందంతే. ఇక లాగడం మానేసి, చెక్కని అలాగే చంకలో పెట్టుకుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.