జవాబుకి వదిలిన నాలుగు లైన్లు

ఆయన చొక్కాకి నేను సగమే ఇస్త్రీ చేస్తాను. కెమెరాకి కనిపించేది ఛాతీ వరకే కదా. కింద ముడతల పైజామాతోనే కూర్చుని, రోజూ పదకొండు గంటలకి ఆయన పాలక పక్షాన్నీ ప్రతిపక్షాన్నీ కలిపి కడిగేస్తారు. ఆ అరగంటా ఫ్యాన్ తిరగకూడదు, కుక్కర్ కూత పెట్టకూడదు, నేను దగ్గకూడదు. "మా వాడు నోరు తెరిస్తే ముత్యాలే" అని మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోతారు. ఆ ముత్యాలు పొద్దున్నే వంటింటి గట్టు మీద, ఒక చేత్తో కూర కలుపుతూ, రెండో చేత్తో నేను టైపు చేసినవని ఆవిడకి తెలియదు. చెప్పినా నమ్మరు.

ఒకప్పుడు ఇద్దరం ఒకే పత్రికలో పనిచేశాం. ఆయన రాజకీయ వ్యాఖ్యలు రాసేవారు, డెస్కులో కూర్చుని నేను వాటిని దిద్దేదాన్ని. అమ్మాయి పుట్టాక "ఇంటికి ఒక జర్నలిస్టు చాలు" అన్నారు. ఆ ఒక్కరూ ఎవరన్నది మాత్రం ఇద్దరం కూర్చుని అనుకోలేదు. తర్వాత పత్రికలో పేజీలు తగ్గాయి, వ్యాసాల పేజీ పోయింది, చివరికి పత్రికే మూతపడింది. ఆయన ఇంట్లోనే వీడియో చానెల్ పెట్టుకున్నారు. నేను రాస్తాను, ఆయన చదువుతారు, నేనే కోసి అతికించి జనంలోకి వదులుతాను. దీన్ని ఆయన "కాస్త సాయం చేస్తుంది" అంటారు. మా డెస్కులో ఒక పద్ధతి ఉండేది. ఎవరి మీదైనా ఆరోపణ వేస్తే, ఆ మనిషికి ఫోన్ చేసి వాళ్ల జవాబు కూడా వెయ్యాలి. జవాబు వచ్చేదాకా నాలుగు లైన్ల చోటు ఖాళీగా వదిలేవాళ్లం. ప్రెస్సువాళ్లు నెత్తిన కూర్చున్నా ఆ ఖాళీ నిండందే పేజీ కదిలేది కాదు. ఉద్యోగం పోయినా నాకు ఆ అలవాటు పోలేదు.

సోమవారం పురపాలక సంఘంలో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. తీర్మానం వైపు ఓటు వెయ్యాల్సిన ఒక సభ్యురాలు అసలు సమావేశానికే రాలేదు. అవతలి పక్షం వాళ్లు ఆవిడని తిప్పుకున్నారని మర్నాటికి ఏ ఫోన్ తెరిచినా అదే మాట. నేనూ అదే రాసి, పైన 'ఓటు వేళ మాయమైన మేడమ్' అని శీర్షిక పెట్టాను. శీర్షిక భలే కుదిరిందని లోలోపల సంబరపడ్డాను కూడా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది. ఆవిడ నంబరు సంపాదించాను, జవాబుకి నాలుగు లైన్లు వదిలాను. ఫోన్ చేద్దామనుకునేసరికి అత్తగారు మందులు కనిపించడం లేదని కేకేశారు. అవి వెతికిచ్చి వచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని కాలర్ సర్దుకుంటున్నారు.

"ఒక్క నిమిషం ఆగండి, ఆవిడకి ఫోన్ చెయ్యాలి."

"నీ డెస్కు చాదస్తం పోదు కదా! ఈపాటికి నలుగురు వీడియోలు పెట్టేసి ఉంటారు. ఫ్యాన్ కట్టెయ్."

కట్టేసి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన తెర మీద అక్షరాలు చదువుకుంటూ వెళ్లి ఆ ఖాళీ దగ్గర ఆగారు. ఒక క్షణం తడబడి, కళ్లజోడు తీసి, కెమెరాలోకి చూశారు. "మరి దీనికి ఆ మేడమ్ గారి జవాబేమిటి? ఏమీ లేదు. నోరు పెగల్లేదు" అన్నారు. ఆ మాట చాలా బాగా పండింది. అరిచి ఆపి ఉండొచ్చు. రికార్డింగ్ పాడవుతుందని ఊరుకున్నాను. తర్వాత ఆ ముక్క కోసేసి ఉండొచ్చు. భోజనానికి ఆలస్యమవుతోందని పిలుస్తున్నారు, అలాగే ఎక్కించేసి వెళ్లి వడ్డించాను.

ఆయన ఫోన్‌కి వచ్చే పిలుపులు ఎత్తేదీ నేనే. సాయంత్రం నాలుగింటికి ఒక ఆడగొంతు, సార్ ఉన్నారా అని.

"పడుకున్నారు. చెప్పండమ్మా."

"నా దగ్గర జవాబు లేదన్నారండీ. అసలు నన్ను ఎవరడిగారు?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మొన్న రాత్రి నుంచీ నేను ఆస్పత్రిలోనే ఉన్నానండీ. ఐదో నెల. నిలవలేదు. ఇక్కడ పక్క మంచం వాళ్లు మీ వీడియో పెట్టుకుని చూస్తుంటే గోడవైపు తిరిగి పడుకున్నాను. చివరికి మా ఆయన కూడా అడుగుతున్నాడు, నాకు తెలియకుండా వాళ్లతో ఏమైనా మాట్లాడావా అని."

"రేపే ఈ సంగతంతా చెప్పేస్తామమ్మా."

"వద్దండీ! నాకేమైందో ఊరందరికీ చెప్పకండి. అది నాది. నన్ను ఎవరూ అడగలేదని ఒక్క మాట చెప్పండి, చాలు." మళ్లీ తనే అడిగింది. "ఇంతకీ ఇవన్నీ ఎవరు రాస్తారండీ?"

"సారే" అన్నాను.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఎవరైనా అడిగితే బావుణ్ణని ఎన్నిసార్లు గిన్నెల మీద కోపం చూపించానో! పేరు లేకపోవడం నాకు జరిగిన అన్యాయమనే అనుకుంటూ వచ్చాను. దాని వెనక హాయిగా దాక్కోవచ్చని ఆ రోజే తెలిసింది. పడి ఉన్న మనిషిని అందరితో కలిసి నేనూ తొక్కాను, పైగా అది నేను కాదన్నాను.

ఆయన లేచాక సవరణ పెడదామన్నాను.

"ఎందుకు రాలేదట?"

"అది చెప్పకూడదు."

"మరింకేం? జవాబు లేదన్నాను, లేదు!" అని నవ్వారు. "మూలన చిన్నక్షరాల్లో వెయ్యడానికి ఇదేమైనా పేపరా? మనల్ని మనమే తిట్టుకుంటే రేపు మన మాట ఎవరు వింటారు? రెండ్రోజుల్లో జనమే మర్చిపోతారు. టీ పెట్టు."

పెట్టాను. ఆయన చెప్పింది నిజమే, జనం మర్చిపోతారు. ఆవిడ మొగుడు మర్చిపోడు.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్లగానే కెమెరా ఉన్న గదిలోకి వెళ్లాను. "ఆ గదిలో నీకేం పనే?" అని హాల్లోంచి అత్తగారు అడుగుతూనే ఉన్నారు. కోయడానికీ అతికించడానికీ వీల్లేకుండా నేరుగా ప్రసారం పెట్టాను. తెర మీద ఏమీ రాసుకోలేదు.

"ఈ చానెల్లో మీరు వినేవన్నీ రాసేది నేను. నిన్న ఆ సభ్యురాలి దగ్గర జవాబు లేదని విన్నారు. ఆవిడని అడగాల్సింది నేను. అడగలేదు."