గల్లీలో దూరిన ఇల్లు

గట్టయ్య ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో డంపర్ తోలినవాడు. నస్పూర్ కాలనీలో ఎవరి డ్రైవింగూ ఆయన కంటికి ఆనదు, కన్నకూతురు జ్యోతిరాణిదైనా సరే.

ఆ జ్యోతిరాణి కరీంనగర్‌లో మోటర్‌హోమ్ నడిపే కొలువు అడిగింది. మంచాలు, పొయ్యి, స్నానాల గది అన్నీ చక్రాల మీదే ఉండే ఇరవై నాలుగు అడుగుల బండి. టూరిస్టులను కుంటాల జలపాతం దాకా తిప్పుకు రావాలి. యజమాని ప్రేమ్‌సాగర్ ఒక్కటే షరతు పెట్టాడు.

"ఇయ్యాల ఖాళీ బండి నిర్మల్ దాంక తీస్కపో అమ్మా. మీ బాపు పక్కన కూసుంటడు. నీకు కొలువు ఇయ్యాల్నా వద్దా, గాయన చెప్పిందే ఖాయం."

వద్దని చెప్పాలని గట్టయ్య పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. అంత బండి, తెలియని ఊళ్లు, ఒంటరి ఆడపిల్ల! ఆయనకు భయం. పైకి మాత్రం, "నీకు చాతగాదు," అనేవాడు.

కరీంనగర్ దాటకముందే చిక్కు వచ్చిపడింది. పెద్దరోడ్డు తవ్వి ఉండడంతో బండ్లన్నీ ఒక పాత గల్లీలోకి మళ్లుతున్నాయి.

"హారన్ గొట్టు బిడ్డా, వాళ్లే జరుగుతరు," అన్నాడు గట్టయ్య. గనిలో డంపర్ వస్తుంటే జీపులైనా తప్పుకోవాల్సిందే మరి!

జ్యోతిరాణి హారన్ కొట్టలేదు. బండిని పక్కకు ఆపి దిగింది. బండి ఎత్తుకు కోసి పెట్టుకున్న వెదురుకర్ర పట్టుకుని గల్లీ చివరిదాకా నడిచింది. పైన వేలాడే కరెంటు తీగలకు బండి తగలనీయకుండా ఒక్కొక్కదాని కింద కర్ర నిలబెట్టి చూసింది. "అన్నా, జర బైకు లోపల పెట్టరాదే," "అక్కా, గా చీర దండెం మీదికెల్లి తియ్యవా," అంటూ పోయింది. పోలీసు ఈల వేసినా కదలని గల్లీ ఆ పిల్ల మాటకు కదిలింది. ఔరా అనుకున్నాడు గట్టయ్య.

"మలుపొక్కటే ఇరుకున్నది బాపు. నువ్వు ముంగట నిలవడి సైగ జెయ్యి."

ఆయన ఎడమ గోడ మూలన నిలబడ్డాడు. బండి నడకంత నిదానంగా ఎడమకు తిరిగింది.

"రా... రా... ఇంకా రా!"

బండి టక్కున ఆగింది.

"ఆగినవేందే! జాగ మస్తున్నది, రా!"

జ్యోతిరాణి కదల్లేదు. కుడివైపు అద్దం కేసి చూపించింది. గట్టయ్య రుసరుసలాడుతూ వెనక్కి పోయి చూశాడు. కుడివైపు ఇంటి ముందు దేవవ్వ అనే ముసలామె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బండి వెనక మూల ఆమె తలకు జానెడు దూరంలో ఉంది. ముందు భాగం ఎడమకు తిరిగితే పొడవాటి వెనక భాగం కుడికి ఊగుతుంది. డంపర్‌కు అంత తోక ఉండదు. ముప్పై ఏళ్ల అనుభవానికి ఆ సంగతే తట్టలేదు.

"ఏంది కొడకా, గీ ఇల్లు నా మీదికే వస్తున్నది?" అంది దేవవ్వ.

గట్టయ్య ఆమెను లేపి లోపల కూర్చోబెట్టాడు.

జ్యోతిరాణి కొంచెం వెనక్కి తీసి, సరిచేసుకుని, మళ్లీ తిప్పింది. ఇటు నాలుగు వేళ్లు, అటు నాలుగు వేళ్లు. అబ్బబ్బ, అంత పెద్ద తెల్లటి బండి ఆ సందులోంచి నీళ్లు పారినట్టు పోయింది! మిద్దెల మీది జనం ఊపిరి బిగబట్టారు. గట్టయ్య సైగ చేయడమే మరిచి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఎక్కడ నేర్చింది ఇంత నిదానం? తన దగ్గరైతే కాదు.

నిర్మల్ చేరగానే ప్రేమ్‌సాగర్ ఫోన్ చేశాడు. "ఏమంటవు గట్టన్నా? పిల్లను ఒక్కదాన్నే పంపొచ్చునా?"

గట్టయ్య బిడ్డ వైపు తిరిగాడు.

"ఇయ్యాల నా సైగ ఇనుంటే ఒక ముసలవ్వ పాణం పోతుండె సారు. నా బిడ్డ ఇనలే. గందుకే పంపుండ్రి."