శుక్రవారం మధ్యాహ్నం దాకా

"రెమీని ఇచ్చేద్దాం," అన్నాడు లోర్న్, బన్ను మీది దాల్చినచెక్క పాకం వేలితో తీసి నాకుతూ. "వాడి విలువ ఇంతకంటే పెరగదు. ఇప్పుడే ఇచ్చేసి, డిఫెన్సులోకి ఒక దిట్టమైనవాణ్ణి తెచ్చుకోవాలి."

తాగబోతున్న కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను.

ఐస్ హాకీ ఆడే రింక్ పై అంతస్తులో, కింద ఐస్ కనిపించేలా గాజుగోడ ఉన్న కాఫీ కొట్టులో, ఆ మూల బల్ల మా నలుగురిదీ. లోర్న్ ట్రాక్టర్లు అమ్మి రిటైరయ్యాడు. స్టాష్ ఇంకా పశువుల్ని పెంచుతున్నాడు. వెర్లా బ్యాంకులో పనిచేసేది. నేను, ఇర్మాని, ముప్పై ఏళ్లు ఒక పళ్ల డాక్టరు దగ్గర ఊళ్లోవాళ్ల పళ్లు శుభ్రం చేశాను. పెళ్లి చేసుకోలేదు. మేం అభిమానించే బ్యాడ్జర్స్ జట్టు లేకపోతే మాలో ఎవరికీ మిగతావాళ్లతో పనిలేదు. అది మా ఊరి తరఫున ఆడే కుర్రాళ్ల జట్టు. ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఊళ్లో ఎవరో ఒకరి ఇంట్లో ఉండి తిని ఆడతారు. ఆ శీతాకాలం నా ఇంటి కింది గదిలో ఉంటున్నవాడు రెమీ. మానిటోబా రాష్ట్రం నుంచి వచ్చాడు. పద్దెనిమిదేళ్లు. నాకు పెళ్లి కాలేదన్నా వినకుండా, ఇంటిపేరు మొదటి అక్షరంతో 'మిసెస్ ఎఫ్' అంటాడు.

జట్లు ఆటగాళ్లను మార్చుకునే గడువు శుక్రవారం మధ్యాహ్నంతో ముగుస్తుంది. అది బుధవారం.

"దిట్టమైనవాడు ఎందుకురా?" అన్నాడు స్టాష్. "మనకి కావాల్సింది గోల్ కాసే గోలీ. మనవాడు పక్ బిళ్ల రాకముందే మోకాళ్ల మీద కూలబడతాడు. పాపం ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని అవతలివాళ్లు తల మీంచి కొట్టేస్తున్నారు."

"ఆపడం గురించి నువ్వు మాట్లాడకు. నీ ఆవులు రోడ్డు మీదకి వచ్చేస్తుంటే ఆపలేవు."

"నా ఆవులు నయం. ఎడమా కుడీ చూసుకుని దాటతాయి."

ఎడమ అన్న మాటకి నా వీపు బిగుసుకుంది. మామూలు మాటలే ఆ వారమంతా నాకు అలా తగులుతున్నాయి.

"ఇద్దరూ ఆపండి," అంది వెర్లా. "ఏమే ఇర్మా, వాడికి తిండి పెట్టేదానివి నువ్వు. నువ్వు చెప్పు. ఇచ్చేద్దామా, ఉంచుకుందామా?"

"ఉంచుకుందాం," అన్నాను.

"చూశారా, ఇది హాకీ కాదు, మమకారం," అన్నాడు లోర్న్. "వాడు పోతే ఇంకోణ్ణి పంపుతారులే. నీ పెరోగీ కుడుములు తినిపెట్టడానికి మనుషులు కరువా?"

నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు మిగతా ముగ్గురి నవ్వులకంటే కొంచెం ఆలస్యంగా మొదలై, కొంచెం ఆలస్యంగా ఆగింది. ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. భయం పట్టినవాళ్లు తమని తాము వింటారు.

"ఒకటి మాత్రం ఒప్పుకోవాలి," అన్నాడు స్టాష్. "క్రిస్మస్ తర్వాతి ఆటలో ఆ మూల దగ్గర తలకి దెబ్బ తిన్నాడే, అప్పట్నుంచి వాడు వేరే మనిషి. ఎంత లావుపాటివాడు మీదికొస్తున్నా కన్నార్పడు. మొన్న చూశావా? కొండలాంటివాడు దూసుకొస్తుంటే తల కూడా తిప్పలేదు. గోల్ కొట్టాడు. అదీ గుండె అంటే!"

"ఆ గుండెకే మంచి ధర పలుకుతుందంటున్నా," అన్నాడు లోర్న్. "మూడు జట్లు అడుగుతున్నాయట. కెర్బీ కింద కూర్చుని ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయడం లేదు."

గాజులోంచి కిందకి చూశాను. జట్టు మేనేజరు కెర్బీ ఖాళీ కుర్చీల మధ్య ఒంటరిగా కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఐస్ మీద కుర్రాళ్లు సాధన చేస్తున్నారు.

రెమీ తల తిప్పకపోవడం ధైర్యం కాదు. వాడికి ఎడమ పక్క నుంచి వచ్చేది కనిపించడం లేదు.

నాకు ఇంట్లో తెలుస్తూ వచ్చింది. మొదట తలుపు కింద సందులో తువ్వాలు కుక్కడం మొదలుపెట్టాడు, వెలుతురు రాకుండా. తర్వాత ఫ్రిజ్ చప్పుడు భరించలేకపోతున్నానని దాని ప్లగ్ తీసేయమన్నాడు. తీసేశాను. పాలూ మాంసమూ వెనక వరండాలో మంచులో పెట్టాను. పాలు పోసుకుంటూ గ్లాసుకి పక్కన, బల్ల మీద పోశాడు. పాలు నేలమీదకి కారుతున్నా పోస్తూనే ఉన్నాడు. ఒకరోజు మెట్ల మధ్యలో, ఒక కాలికే బూటుతో నిలబడి, "మిసెస్ ఎఫ్, నేను పైకి వెళ్తున్నానా, కిందికి వస్తున్నానా?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. దారి తప్పినవాడు పోలీసుని అడిగినట్టు.

"డాక్టరుకి చెప్పు," అన్నాను.

"డాక్టరు చూశారుగా. పరీక్ష పెట్టారు. బాగానే ఉన్నానన్నారు." రెండో బూటు వెతుక్కుంటూ, "మీరు చెప్పరు కదా?" అన్నాడు.

ఆ పరీక్ష సంగతి నాకు తెలుసు. ఆటలు మొదలుకాకముందు ప్రతి కుర్రాడినీ కంప్యూటరు తెర ముందు కూర్చోబెట్టి జ్ఞాపకశక్తీ చురుకుదనమూ కొలుస్తారు. తలకి దెబ్బ తగిలాక మళ్లీ అదే పరీక్ష. రెండూ పోల్చి చూసి, తేడా ఉంటే ఆడనివ్వరు. అందుకని కుర్రాళ్లు మొదటిసారి కావాలనే తప్పులు చేస్తారు. తర్వాత బుర్ర పాడైనా తేడా కనిపించదు. ఆకులు రాలే రోజుల్లో రెమీ నా వంటింట్లో కూర్చుని ఈ మాట చెప్పి పగలబడి నవ్వాడు. "నేను పెద్ద మొద్దునని రాసుకున్నారు మిసెస్ ఎఫ్!" నేను కూడా నవ్వి ఇంకో ముక్క కేకు వడ్డించాను.

ఇప్పుడు ఆ మొద్దుకీ ఈ రెమీకీ తేడా లేదు. అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

పళ్ల డాక్టరు కుర్చీలో పడుకున్నవాళ్ల భయం నాకు కొత్త కాదు. దానికి ఒక చోటుండేది: ఫలానా పన్ను, ఫలానా సూది. నా భయానికి చోటు లేదు. వాడు నిద్ర లేవడేమోనని భయం. లేచి, తలుపు దగ్గర చెవిపెట్టిన నన్ను చూస్తాడేమోనని భయం. చెబితే జూన్‌లో పెద్ద జట్లు వాడిని ఎంచుకోవని, జీవితమంతా నన్ను తిట్టుకుంటాడని భయం. ఇంట్లో చూసింది రింక్‌కి మోసే ఆడదానికి ఇంకెప్పుడూ ఏ పిల్లాణ్ణీ ఇవ్వరు. వీటన్నిటి అడుగున, చెప్పుకోవడానికి సిగ్గుపడేంత చిన్నది ఇంకొకటి ఉంది. ఈ బల్ల దగ్గర నా కుర్చీ పోతుందేమోనని. చిన్నదే గాని అన్నిటికంటే గట్టిగా మాట్లాడేది అదే.

"అరె, వాణ్ణి చూడండి!" అన్నాడు లోర్న్ నవ్వుతూ.

కింద కుర్రాళ్లు తెల్ల చొక్కాలవాళ్లు ఒక వరుస, ఆకుపచ్చవాళ్లు ఒక వరుసగా నిలబడ్డారు. తెల్ల చొక్కా వేసుకున్న రెమీ వెళ్లి ఆకుపచ్చ వరుసలో నిలబడ్డాడు. పక్కవాడు తోసి ఏదో అన్నాడు. రెమీ తన చొక్కా చూసుకున్నాడు.

"భలే జోకర్!" అంది వెర్లా.

విజిల్ మోగింది. కుర్రాళ్లంతా నీళ్ల కోసం బెంచీ వైపు వెళ్లారు. రెమీ మాత్రం ఐస్ చుట్టూ ఉన్న గోడ అంచు మీద అరచేయి ఆనించి మెల్లగా జారుతూ వచ్చాడు. తెరిచి ఉన్న గేటు వాడి ఎడమ పక్కన ఉంది. దాన్ని దాటి పోయాడు. మూల దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ చేత్తో గోడని తడుముకుంటూ వచ్చాడు.

స్టాష్ నవ్వు ఆపేశాడు. "ఏం వెతుకుతున్నాడు వాడు?"

"గేటు," అన్నాను.

ఆ ఒక్క మాట బయటికొచ్చాక మిగతావి ఆగలేదు. తువ్వాలు, ఫ్రిజ్, పాలు, మెట్లు, ఆ పరీక్ష, అన్నీ చెప్పాను. గొంతు తగ్గించి, పళ్లు శుభ్రం చేస్తూ చెప్పే మాటల్లా, ఏ రంగూ లేకుండా చెప్పాను. వెర్లా నా చేయి పట్టుకుంది.

లోర్న్ చుట్టూ చూశాడు. పక్క బల్లలు ఖాళీ. ముందుకి వంగాడు.

"ఇది ఇంకెవరికైనా తెలుసా?"

"లేదు."

"అయితే శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగు."

నాకు అర్థం కానట్టు చూశాను. అర్థమైంది.

"రెండు రోజులే కదా ఇర్మా. ట్రేడ్ కానివ్వు. అక్కడ పెద్ద ఊరు, పెద్ద డాక్టర్లు. వాళ్లే చూసుకుంటారు. వాడికి మంచి వైద్యం, మనకి ఒక మనిషి. ఎవరికీ నష్టం లేదు."

"రేపు ఆట ఉంది," అన్నాను.

"ఒక్క ఆట. మొన్న ఆడలేదూ?"

"జబ్బు దూడని చెప్పకుండా అమ్మితే సంతలో మళ్లీ మొహం చూపించలేం," అన్నాడు స్టాష్, కప్పులోకి చూస్తూ.

"ఇది సంత కాదురా, హాకీ," అన్నాడు లోర్న్.

లోర్న్ చెడ్డవాడు కాదు. మంచు పడ్డ ప్రతిసారీ నేను లేచేసరికి నా వాకిలి శుభ్రంగా ఉంటుంది, అడగకుండానే. ఇప్పుడు కూడా నన్ను ఊరడిస్తున్నట్టే, మెత్తగా చెప్పాడు. అందుకే భయమేసింది. అరిచి ఉంటే లేచిపోయేదాన్ని.

కాని అంతకంటే ఘోరం నాలో జరిగింది. 'రెండు రోజులే' అన్న మాట వినగానే, నా లోపల ఇన్నాళ్లుగా నిలబడి ఉన్నదేదో కూర్చుంది. ఎంతో హాయిగా కూర్చుంది. శుక్రవారం తర్వాత కింది గది ఖాళీ. నేను మళ్లీ నిద్రపోవచ్చు. జరిగేది ఇంకెవరి ఇంట్లోనో జరుగుతుంది, ఇంకెవరో తలుపు తెరిచి చూస్తారు. ఆ ఆలోచనని నేను తరిమేయలేదు. దాని ముఖం పూర్తిగా కనిపించేదాకా ఉండనిచ్చాను. అది నా ముఖమే.

వెర్లా ఇంకా నా చేయి పట్టుకునే ఉంది. ధైర్యం చెప్పడానికి పట్టుకుందో, లేవనివ్వకుండా పట్టుకుందో తెలియలేదు. ఆమెకీ తెలిసి ఉండదు. చేయి విడిపించుకుని లేచాను.

"ఇర్మా, ఒక్క నిమిషం ఆలోచించు," అన్నాడు లోర్న్.

ఆలోచిస్తే వెళ్లనని తెలిసి మెట్లు దిగాను.

కింద చలి పళ్లకి తగిలింది. కెర్బీ వైపు కుర్చీల మధ్య నడుస్తుంటే బెంచీ మీద ఉన్న రెమీ నన్ను చూశాడు. ఎందుకు వచ్చానో క్షణంలో గ్రహించాడు. ఆ ఒక్కటీ ఎంత చురుగ్గా గ్రహించాడో! హెల్మెట్ లోంచి తల అడ్డంగా ఊపాడు. వద్దు. మళ్లీ ఊపాడు. మూడోసారి ఊపబోయి నొప్పి వేసినట్టు కళ్లు మూసుకున్నాడు.

"ఇర్మా గారూ, ఏంటి ఇలా వచ్చారు? పైన వెచ్చగా ఉంటుంది కదా," అన్నాడు కెర్బీ, ఫోన్ దించి.

"నువ్వు రెమీని అమ్మకూడదు. ఆడించనూ కూడదు."

"ఆ బల్ల దగ్గర తీర్మానమా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. చెప్పాను. వినేకొద్దీ అతని నవ్వు ముఖం మీంచి పోకుండా, అర్థం మాత్రం పోయి, అలాగే మిగిలింది.

"డాక్టరు బాగానే ఉన్నాడన్నారే."

"మొదటి పరీక్షలో కావాలని తప్పులు చేశాడు. నీ కుర్రాళ్లంతా చేస్తారు. నీకు తెలియదా?"

అతని చేతిలో ఫోన్ మోగింది. తెర మీద పేరు చూశాడు, నన్ను చూశాడు. అది ఎంతసేపు మోగిందో చెప్పలేను. పైనుంచి గాజు వెనక మూడు ముఖాలు మమ్మల్నే చూస్తున్నాయి. అతను ఎత్తితే ఏం చేయాలో నేను ఆలోచించుకోలేదు. అరవడం నాకు రాదు. ఫోన్ ఆగిపోయింది.

"మీరు రెండు రోజులు ఆలస్యంగా వచ్చి ఉంటే నాకు సుఖంగా ఉండేది," అన్నాడు. తర్వాత లేచి, కోచ్‌ని కేకేశాడు. "రెమీని బయటికి పంపు. డాక్టర్ని పిలిపించండి. ఇప్పుడే."

సన్నటి కారిడార్లో, డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నాను. రెమీని తీసుకొచ్చారు. నా ముందునుంచి వెళ్తూ ఆగాడు.

"మీరు మాటిచ్చారు," అన్నాడు.

నేను ఇవ్వలేదు. కాని వాడికి ఇచ్చినట్టు గుర్తుంది, వాడికి గుర్తున్నవి తక్కువ. కాదనలేకపోయాను. వాడు లోపలికి వెళ్లాడు. తలుపు పూర్తిగా పడలేదు.

మెట్ల మీంచి లోర్న్ దిగి వచ్చాడు. నా ముందే కోటు గుండీలు పెట్టుకుంటూ, నన్ను చూడకుండా బయటికి వెళ్లిపోయాడు.

లోపల డాక్టరమ్మ గొంతు. "సంవత్సరంలో నెలలు వెనక నుంచి చెప్పు. తొందరేం లేదు."

"డిసెంబర్," అన్నాడు రెమీ. "నవంబర్. అక్టోబర్."

నా పెదాలు కూడా కదులుతున్నాయి. ఇంతా చేసి, నేనే పొరబడ్డానేమో అనిపించింది. వాడికేమీ కాలేదేమో, నేనే ఒంటరి ఇంట్లో కూర్చుని అన్నీ కల్పించుకుని ఒక పిల్లాడి బతుకు చెరిపేశానేమో. ఆ క్షణంలో వాడు తప్పకుండా చెప్పాలని కోరుకున్నానో, తప్పాలని కోరుకున్నానో నాకు తెలియదు. రెండిటికీ భయపడ్డాను.

"సెప్టెంబర్. ఆగస్టు." ఆగాడు. "ఆగస్టు." మళ్లీ ఆగాడు. "ఆగస్టుకి... అటువైపు..."

ఎక్కడో ఐస్‌కి తగిలిన పక్ శబ్దం వినిపించింది.

"మిసెస్ ఎఫ్ బయట ఉన్నారా?" అన్నాడు రెమీ. గొంతులో కోపం లేదు. చాలా చిన్న పిల్లాడి గొంతు. "ఆమెని రమ్మనండి. ఏమేం జరిగాయో నాకు సరిగ్గా గుర్తులేదు. ఆమెకి తెలుసు."

లోపలికి వెళ్లాను. డాక్టరమ్మ కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు. కెర్బీకీ, బల్ల దగ్గర వాళ్లకీ చెప్పినవన్నీ చెప్పాను. తర్వాత రెమీ వైపు తిరిగి, ఎవరికీ చెప్పనిది చెప్పాను.

"ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి నువ్వు ఫోన్లో మాట్లాడుతున్నావు. 'మీరెవరండీ?' అని పదేపదే అడుగుతున్నావు. విసిగిపోయి ఫోన్ నా చేతికిచ్చావు. అవతల మీ అమ్మ."

రెమీ నన్ను చూశాడు. వాడి ముఖంలోకి అప్పుడు, ఇన్నాళ్లూ నా ఒక్కదాని దగ్గరే ఉన్నది మెల్లగా వచ్చి చేరింది.

"అమ్మ ఏమంది?"

"ఆట పట్టిస్తున్నావనుకుంది. నవ్వింది."

వాడు నవ్వడానికి ప్రయత్నించాడు. తర్వాత తను కూర్చున్న మంచం అంచుని రెండు చేతులా పట్టుకుని, "ఫోన్ చేసింది నేనా, మా అమ్మా?" అని అడిగాడు.