పద్నాలుగు కప్పలు

కాలేజీ వెనక కుంట చచ్చిపోయిందని దారినపోయే ప్రతి ముక్కుకూ తెలుసు. దాన్ని కాగితం మీద నిరూపించే పని మాత్రం కప్పల మేడం నెత్తిన పడింది.

పర్యావరణశాస్త్రం చెప్పే ఆవిడకు పిల్లలు పెట్టుకున్న పేరది. ఏటా మొదటి సంవత్సరం వాళ్ళకు ఒక ప్రాక్టికల్ ఉండేది. కుంట గట్టున నాలుగు మేకులు దిగ్గొట్టి, పురికొసతో మీటరు చదరం కట్టి, అందులో కనబడ్డ ప్రాణినల్లా లెక్కపెట్టి రికార్డులో రాయాలి. నాచును పురుగు తింటుంది, పురుగును కప్ప, కప్పను పాము. కింది మెట్టు ఊడితే పైవన్నీ కూలతాయని ఆవిడ బోర్డు మీద గీసే బొమ్మ ఎన్నో బ్యాచ్‌లకు కంఠతా వచ్చు.

ఆరేళ్ళ కిందట రంగుల ఫ్యాక్టరీ వచ్చి, దాని కాలువ కుంటలో కలిసింది. ఆవిడ అర్జీల మీద అర్జీలు పెట్టగా ఇన్నాళ్ళకు తనిఖీ అధికారి వస్తున్నాడు. ఫ్యాక్టరీకి ముందు కుంట బతికి ఉందని, తర్వాతే చచ్చిందని రుజువైతే కాలువ మూయిస్తారు. లేదంటే కుంటనే పూడ్చేస్తారు. రుజువుకేం కొదవ, బీరువాలో పన్నెండేళ్ళ రికార్డులున్నాయని ఆవిడ ధీమా. ఆ హడావిడి చూసి అత్తగారు, ఇంట్లో మనుషుల్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా లెక్కపెట్టావా అని దెప్పింది కూడా.

వచ్చిన అధికారి ఆవిడ పాత విద్యార్థే. కుంట చుట్టూ ముక్కుకు గుడ్డ కట్టుకుని తిరిగొచ్చి, ల్యాబులో రికార్డులు ముందేసుకున్నాడు. ఫ్యాక్టరీకి ముందు పద్నాలుగు కప్పలు. వచ్చాకా పద్నాలుగే. పోయినేడూ పద్నాలుగే.

"అన్నిటి కిందా మీ సంతకం ఉంది, మేడం."

"నువ్వు కళ్ళారా చూశావు కదా, నాయనా?"

"నేను చూసింది ఒక్కపూట. మీరు పన్నెండేళ్ళు చూశారని ఇక్కడుంది."

ఆవిడ చూపు బీరువా వైపు పోయింది. మోకాళ్ళు నొప్పులని తాను గట్టుకు వెళ్ళడం మానేసి పన్నెండేళ్ళు. ఆ ఏడాది కొనిపెట్టిన పురికొస ఉండ బీరువా మూల, అంగడివాడు చుట్టిన కాగితం పట్టీతో సహా అలాగే ఉంది.

అతను గొంతు తగ్గించాడు. "మా సీనియర్ల రికార్డు మక్కికి మక్కి దించాం. మీరు పదికి పది వేశారు. నా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని క్లాసంతా తిప్పి చూపించారు."

"అదే రాయి మరి, రిపోర్టులో."

"రాస్తే నా చదువు సంగతి కూడా అడుగుతారు, మేడం."

వెళ్ళేముందు అలవాటు చొప్పున నమస్కారం పెట్టాడు.

ఆవిడ రికార్డులు సర్దుతూ మూడేళ్ళ కిందటి కట్టలో ఒక పిల్ల రికార్డు దగ్గర ఆగిపోయింది. అట్ట నిండా బురద మరకలు, లోపల కోడిగీతలు. కప్పలు: లేవు. పురుగులు: లేవు. నాచు: లేదు. నీళ్ళు నల్లగా ఉన్నాయి, చెయ్యి పెడితే మండింది.

దానికి అడ్డంగా ఎర్ర సిరాతో ఆవిడ అక్షరాలే. "అశ్రద్ధ. శుభ్రంగా మళ్ళీ రాసుకురా."

పేజీ తిప్పింది. ఆ పిల్ల మళ్ళీ రాసుకొచ్చింది. స్కేలుతో గీతలు కొట్టి, గుండ్రటి అక్షరాలతో, పద్నాలుగు కప్పలు.