గంధం బొట్టు కింద నా నంబరు

నేను ఒక ఆఫీసు ఫోన్ని. పాతకాలపు ఫోన్ల వంశం కాదు, ఇంటర్నెట్ తీగ మీద బతికేదాన్ని. ఎక్కడ పుట్టానో నా అడుగున రాసి ఉందట. ఎవరూ తిప్పి చూసిన పాపాన పోలేదు. అట్టపెట్టెలో ప్రయాణం చేసి వచ్చి, అనకాపల్లి దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో హైమావతి బల్ల మీద కుదురుకున్నాను.

నేను నిద్రలేవడం కాస్త పెద్ద తతంగం. తీగ గుచ్చితే కరెంటు కూడా అందులోంచే వస్తుంది. ముందు నాకో చిరునామా ఇమ్మని నెట్‌వర్క్‌ను అడుగుతాను. అది దొరికాక సర్వరు దగ్గరికి వెళ్లి నా సెట్టింగులు తెచ్చుకుంటాను. నా నంబరు 214 అని అందులోనే ఉంటుంది. సర్వరు ఊరికే నమ్మదు, పాస్‌వర్డ్ అడుగుతుంది. చెబితే నా పేరు నమోదు చేసుకుంటుంది. అప్పటిదాకా లోకంలో ఎవరూ నన్ను పిలవలేరు. నన్ను ఏ బల్ల మీద పెట్టినా నా నంబరు నాతోనే వస్తుంది. మనుషులకు కుర్చీని బట్టి హోదా వస్తుంది కాబట్టి, నాకు కూడా బల్లను బట్టి నంబరు వస్తుందనుకున్నారు.

హైమావతి కూడా ఒకచోట పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తోంది. పిల్లలు కలగరని తేలాక, ఆమె, భర్త ఒక బిడ్డను పెంచుకోవాలనుకున్నారు. పిలుపు వచ్చిన రోజే సరేనని చెప్పాలని, లేకపోతే వరుసలో తర్వాతివాళ్లను పిలుస్తామని శిశుగృహం వాళ్లు చెప్పారు. ల్యాబులోకి సెల్‌ఫోన్లు రానివ్వరు కాబట్టి ఆమె కంపెనీ నంబరు, దాని తర్వాత నొక్కాల్సిన నా నంబరు ఇచ్చింది. రోజూ రాగానే రిసీవరెత్తి, శబ్దం విని, మెల్లగా పెట్టేది. ఆమె అంటే నాకు చాలా ఇష్టం.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకని ఫోన్లన్నీ ఊడదీసి హాల్లో పేర్చి, తుడిచి, సరిగ్గా నంబరు వెలిగే చోటే గంధం పూసి కుంకుమ అద్దారు. పూజయ్యాక, అన్నీ ఒకేలా ఉన్నాయి కదా అని చేతికందినదాన్ని అందిన బల్ల మీద పెట్టేశారు. నేను గోడౌన్ చూసుకునే సన్యాసినాయుడు దగ్గరికి చేరాను. ఆయన ఫోను హైమావతి బల్లెక్కింది. పూజ బొట్టు తుడిస్తే అపచారమని ఎవరూ ముట్టుకోలేదు.

సెలవుల తర్వాత మొదటిరోజే నేను మోగాను. ఎవరో ఆడమనిషి హైమావతి కావాలని అడిగింది. నాయుడు, ఇది గోడౌనని, రాంగ్ నంబరని చెప్పి పెట్టేశాడు. నాకు గుండె ఉంటే ఆగిపోయేదే.

అవతల హైమావతికేమో వరసగా లారీ డ్రైవర్లు ఫోన్లు చేస్తున్నారు. ఆమెకు అనుమానం వచ్చి, తన నంబరు తనే నొక్కింది. నేను మోగాను. నాయుడు ఎత్తాడు.

"మీరు మాట్లాడుతున్నది నా ఫోన్లోనండీ" అంది ఆమె. "నాకోసం ఎవరైనా చేశారా?"

నాయుడు గబుక్కున లేచి నిలబడ్డాడు. "ఇందాక ఎవరో మీ పేరే అడిగేరమ్మా. రాంగ్ నంబరని పెట్టీసేను."

ఆమెను అక్కడికి రమ్మంటే సరిపోయేది. కానీ తప్పు చేశాననుకున్న మనిషి కుదురుగా ఉండలేడు. తీగ పీకి, నన్ను చంకలో పెట్టుకుని ల్యాబుకు పరుగెత్తాడు. దారిపొడుగునా నేను ఎవరికీ అందను. ఆ సమయంలోనే వాళ్లు మళ్లీ చేస్తే?

నన్ను బల్ల మీద పెట్టి తీగ గుచ్చారు. చిరునామా అడిగాను, నెట్‌వర్క్ ఇచ్చింది. సెట్టింగులు తెచ్చుకున్నాను. పాస్‌వర్డ్ చెప్పాను. ఇన్నేళ్లలో నా నెమ్మదితనం మీద నాకు కోపం వచ్చింది ఆ ఒక్కసారే. హైమావతి చీర కొంగుతో గంధం తుడిచేసింది. దాని కింద 214 వెలిగింది.

చాలాసేపు ఏమీ లేదు. ఆ పిలుపు ఒక బిడ్డ కోసమని హైమావతి చెప్పాక, నాయుడు వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు. చివరికి నేను మోగాను. హైమావతి ఎత్తి, అవతలి మాటలు విని, నోరు తెరిచింది గానీ మాట రాలేదు. నాయుడు ఆమె చేతిలోంచి రిసీవరు మెల్లగా తీసుకున్నాడు.

"సరేనంటున్నారండీ" అన్నాడు. "ఈలోగా పాపని మరెవరికీ ఇచ్చీకండి."

ఇప్పుడు ముసలిదాన్నయ్యాను. కొన్ని బటన్లు సరిగా పడవు. కొత్త ఫోన్లు వస్తున్నాయని, మమ్మల్ని తుక్కు కింద వేస్తారని వింటున్నాను. బెంగేమీ లేదు. మొన్న దసరాకు ఒక చిన్నపిల్ల గంధపు వేలితో నా ముందుకొచ్చింది. హైమావతి ఆ వేలు పట్టుకుని, నంబరు మీద పడకుండా కొంచెం పక్కకు జరిపి, అక్కడ బొట్టు పెట్టించింది.